మనిషి సంగతి అడిగే నాథుడేడి?

ఇంట్లోంచి మనిషి వెళ్లిపోయాడు, తెల్లారినా రాలేదు అని ఇవాళ ఎవరైనా పోలీసు స్టేషన్ మెట్లెక్కితే టేబుల్ అవతల కుర్రాడు అడిగే మొదటి మాట ‘సెల్ నంబరెంత?’ రెండో మాట ‘ఎవరితోనైనా ఏమైనా నడుస్తోందా?’ మూడోది ‘చుట్టాలిళ్లలో వాకబు చేశారా?’ మూడింటికీ జవాబు చెప్పాక ‘ఫొటో ఒకటి వాట్సాప్‌లో పెట్టి వెళ్లండి, సాయంత్రం దాకా చూద్దాం’ అంటాడు. అక్కడితో సరి. ఆ మనిషి వారం పది రోజులుగా ఎలా ఉన్నాడు, అన్నం తిన్నాడా, కంటి నిండా నిద్రపోయాడా, గడప దాటేముందు ఎవరితో ఏమన్నాడు, ఎవరికి ఏం అప్పజెప్పాడు, ఈ సంగతి అడిగే నాథుడే లేడు. అన్ని స్టేషన్లూ ఇలాగే ఉన్నాయని నేననను. మంచిగా అడిగే పిల్లలూ ఉన్నారు. కానీ అడగడం వాళ్ల మంచితనం మీద ఆధారపడి ఉంది. నా బాధంతా అదే.

నేను కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా దిగినవాణ్ణి. సర్వీసంతా బందరు, గుడివాడ, దివిసీమల చుట్టూనే గడిచింది. స్టేషన్ రైటరుగా ఎన్నో మిస్సింగ్ రిపోర్టులు ఈ చేత్తోనే రాశాను. రిటైరై అరుగు మీద కూర్చున్నా, చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి కనపడకపోయినా ‘మావయ్యా, స్టేషన్‌కి కాస్త తోడు రావా’ అని నా దగ్గరకే వస్తారు. వాళ్ల పక్కన నిలబడి ఆ మూడు ప్రశ్నలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో ఊరికో మునసబు, ఆయన కింద తలారి, వెట్టి ఉండేవాళ్లు. ఊళ్లో ఎవరైనా అసహజంగా చనిపోయినా, అనుమానం కలిగేలా మనిషి మాయమైనా స్టేషన్‌కి కబురు పెట్టే బాధ్యత గ్రామాధికారులదేనని క్రిమినల్ ప్రొసీజర్ కోడు 40వ సెక్షన్‌లో ఉండేది. మునసబు రాసి పంపేది రెండు వాక్యాలే. అసలు సంగతి ఆ కాగితం పట్టుకొచ్చిన తలారి దగ్గర ఉండేది. ఎవరి చేను తాకట్టులో ఉందో, ఎవరింట్లో కోడలు రాత్రిళ్లు ఏడుస్తోందో, ఎవరు సంతలో ఎడ్లను అమ్మేసి వచ్చి మాటా పలుకూ లేకుండా పశువుల పాకలో కూర్చున్నారో అన్నీ ఆయనకు తెలుసు. టేబుల్ దగ్గర ఇంటివాళ్లు దాచిన మాట, బయట వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ ఆయన చెప్పేవాడు. గుడివాడ నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు గారు 1984లో మునసబు, కరణాల పదవులు రద్దు చేశారు. ఆ పదవులను అడ్డం పెట్టుకుని ఊళ్లలో జరిగిన పెత్తనాలు కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి ఆ రద్దును నేను తప్పుపట్టను. కానీ ఊరి సంగతి స్టేషన్‌కి చేరే దారి కూడా దాంతోనే మూతపడింది. దాని బదులు ఇంకో దారి వేద్దామని అప్పుడెవరికీ తోచలేదు.

కాలువల మీద ఇరిగేషన్ లస్కర్లు ఉండేవాళ్లు. గట్టు మీద వేళ కాని వేళ ఎవరు కూర్చున్నా వాళ్ల కంట పడేది. కృష్ణ మీద ఇన్ని వంతెనలు లేని రోజుల్లో లంకల నుంచి మనిషి బయటపడాలంటే రేవు దాటాల్సిందే. పడవవాడికి తెలియకుండా ఎవరూ కదిలేవాళ్లు కాదు. ఒకసారి ఒక రేవులో వాకబు చేస్తే పడవవాడు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. ‘ఆయన పొద్దున్నే దాటాడండి. రూపాయి ఇచ్చి చిల్లర తీసుకోకుండా దిగిపోయాడు. పిలిచినా వెనక్కి చూడలేదు. లెక్క దగ్గర ఖచ్చితమైన మనిషండీ, నాకదేమిటో బాగోలేదు’ అన్నాడు. చిల్లర కోసం వెనక్కి చూడని మనిషి ఏ స్థితిలో ఉన్నాడో ఆ పడవవాడు పసిగట్టాడు. ఆ మాట పట్టుకునే మేం అవతలి ఒడ్డున వెతుకులాట మొదలుపెట్టాం. సాయంత్రానికి ఒక గుడి మండపంలో ఆయన ప్రాణాలతో దొరికాడు.

పేపర్లో ‘కనబడుటలేదు’ ప్రకటనలు వచ్చేవి గుర్తున్నాయా? ఎత్తు ఇంత, రంగు చామనఛాయ, గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఇవన్నీ అయ్యాక కింద ఒక వాక్యం ఉండేది. ‘నువ్వెక్కడున్నా ఇంటికి వచ్చెయ్యి, నిన్నెవరూ ఏమీ అనరు, అమ్మ మంచం పట్టింది’ అని. స్టేషన్‌లో నోరు విప్పని ఇంటివాళ్లు పేపరులో ఆ ఒక్క వాక్యంలో నిజం చెప్పేసేవాళ్లు. ఇంట్లో ఏదో మాటా మాటా వచ్చింది, ఆ మనిషి నొచ్చుకుని వెళ్లాడు, తిరిగి రావడానికి మొహం చెల్లడం లేదు. ఇన్ని సంగతులున్నాయి ఆ వాక్యంలో. మా రిపోర్టులో మాత్రం పుట్టుమచ్చ దగ్గరే కలం ఆగిపోయేది.

అలాగని మా రోజులన్నీ బంగారమని చెప్పను. అప్పట్లో మనసు సంగతి స్టేషన్‌లో చెప్పడానికి జనం వణికిపోయేవాళ్లు. దానికి చట్టమే కారణం. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి బయటపడ్డవాడి మీద ఇండియన్ పీనల్ కోడు 309వ సెక్షన్ కింద కేసు, ఏడాది దాకా జైలు. మావాడు ఏదైనా చేసుకుంటాడేమోనని భయంగా ఉందండీ అని తండ్రి చెబితే, రేపు వాడు దొరికినా ముద్దాయి అవుతాడు. ఏ తండ్రి చెబుతాడు? అందుకే చుట్టాలింటికని బయల్దేరాడండీ అనేవాళ్లు, మతిమరుపండీ అనేవాళ్లు. జరగరానిది జరిగిపోయాక శవ పంచనామాలో చాలామంది ‘కడుపునొప్పి తాళలేక’ అని రాయించుకునేవాళ్లు. అప్పులవాళ్ల వేధింపు, అల్లుడు కొట్టిన దెబ్బలు, పరీక్ష తప్పిన అవమానం అన్నీ ఆ కడుపునొప్పి కిందే కప్పెట్టేసేవాళ్లు. క్రిమినల్ ప్రొసీజర్ కోడు 174వ సెక్షన్ కింద ఫైలు మూసేస్తే ఇంటివాళ్లకూ ఊరికీ ఊపిరి ఆడేది.

ఆ 309వ సెక్షన్ సంగతి తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. సుప్రీంకోర్టు 1994లో దాన్ని కొట్టేసింది, 1996లో మళ్లీ నిలబెట్టింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చాక 115వ సెక్షన్ మాట మార్చింది. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, వైద్యం, ఆసరా ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదే అంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేనే లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి అలా చేస్తే తప్ప కేసే లేదు. అయినా పల్లెల్లో ఆ పాత భయం పోలేదు. ఆ సెక్షన్ పోయిందని ఊళ్లోకి వెళ్లి చెప్పినవాళ్లు లేరు. స్టేషన్ గోడ మీద హెల్మెట్ గురించి బోర్డు ఉంటుంది, సైబర్ మోసాల గురించి బోర్డు ఉంటుంది. ‘మీ మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని భయంగా ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరి మీదా కేసు పెట్టం’ అనే బోర్డు నా కంటికి ఎక్కడా కనపడలేదు.

మనసు సంగతి పోలీసు పనే అని నాకు తెలిసింది 1977లో. నవంబరు 19 ఉప్పెనకు దివిసీమలో పది వేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. కొత్త కానిస్టేబుల్‌గా నన్ను అక్కడికి డ్యూటీకి పంపారు. కనపడనివాళ్ల పేర్లు రాయడమే పని. రాస్తూ పోతే కాగితాలు చాలలేదు. మాతో ఉన్న ఒక పెద్ద హెడ్డుగారు పేర్లు చెప్పడానికి వచ్చినవాళ్లను వేరే కంటితో చూసేవారు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలినవాడు వస్తే, పేర్లు రాసుకున్నాక పంపేసేవారు కాదు. శిబిరంలో వంట దగ్గరో, బట్టలు పంచే చోటో ఒక పని అప్పజెప్పి, రాత్రిళ్లు పక్కన ఇంకో మనిషి పడుకునేలా చూసేవారు. ఎందుకండీ అనడిగితే, పోయినవాళ్ల లెక్క రేపైనా రాసుకోవచ్చు, వీడు రేపు ఉండాలంటే ఇవాళ చూడాలి అన్నారు. ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ అది నాకు నేర్పలేదు.

ఇప్పటి సంగతికి వద్దాం. ఇప్పుడున్న సదుపాయాలు మాకు కలలో కూడా లేవు. 112కి ఫోన్ చేస్తే ఏ వేళైనా పలుకుతారు. టవర్ లొకేషన్ గంటల్లో తెలుస్తుంది. కూడళ్లలో సీసీ కెమెరాలున్నాయి. మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కి పోండి అని తిప్పి పంపడానికి వీల్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి జీరో ఎఫ్‌ఐఆర్ అప్పటి మన కృష్ణా జిల్లా కంచికచర్ల స్టేషన్‌లోనే కట్టారు. అదీ కనపడకుండా పోయిన ఒక పిల్లవాడి కోసమే. అంతకు కొద్ది రోజుల ముందు శంషాబాద్‌లో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. పరిధి పేరు చెప్పి కాలయాపన చేశారని ముగ్గురు పోలీసులను అప్పుడు సస్పెండ్ చేశారు. బిడ్డ కోసం వెళ్లిన తమతో, ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందన్నట్టు మాట్లాడారని ఆ ఇంటివాళ్లు చెప్పుకుని ఏడ్చారు. ఆడపిల్ల కనపడకపోతే లేచిపోయిందనీ, మగవాడు కనపడకపోతే వాడే వస్తాడనీ ముందే తీర్మానించుకునే అలవాటు ఎంత ప్రమాదమో దేశమంతా చూసింది.

మగవాడు వాడే వస్తాడనుకోవడం కూడా తక్కువ ప్రమాదం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924. పది మందిలో ఏడుగురు మగవాళ్లే. నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, తర్వాతది జబ్బు. కౌలు డబ్బు కట్టలేక, చెరువులో రొయ్యలు పోయి, కూతురి పెళ్లికి తెచ్చిన వడ్డీ పెరిగి, ఫోన్‌లో అప్పు ఇచ్చిన యాప్‌వాళ్లు బంధువులందరికీ బూతు మెసేజీలు పెడుతుంటే తట్టుకోలేక ఇంట్లోంచి వెళ్లిన నలభై ఏళ్ల మనిషికి, స్నేహితులతో గోవా వెళ్లిన కుర్రాడికి ఒకే మాటా? ఇద్దరికీ ‘సాయంత్రం దాకా చూద్దాం’ అంటే ఎలా?

2024 జులైలో బందరు పేరు కూడా వినపడిన కేసు ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పనిచేసే ఎంపీడీవో ఒకాయన సెలవు మీద విజయవాడ పక్కన కానూరులో ఉన్న ఇంటికి వచ్చారు. 15న బందరు వెళుతున్నానని బయల్దేరారు. ఆ రాత్రి ఇంటివాళ్లకు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. వాళ్లు పోలీసులకు చెప్పారు. బండి బందరు రైల్వే స్టేషన్‌లో దొరికింది. సెల్ సిగ్నల్ మాత్రం చివరగా విజయవాడ మధురానగర్ దగ్గర ఏలూరు కాలువ గట్టున చూపించింది. ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ బృందాలు కాలువను గాలించాయి. 23న మృతదేహం దొరికింది. ఉద్యోగం ఒక జిల్లాలో, ఇల్లు ఒక చోట, బండి ఒక చోట, సిగ్నల్ ఇంకో చోట. సాంకేతిక సాధనాలన్నీ వాడారు, బలగాలు దిగాయి. ఎవరినీ నిందించడానికి నేనిది ఎత్తడం లేదు. ఫోన్ ఎక్కడ ఆగిందో తెలిసేసరికి వ్యవధి అయిపోతుంది అని చెప్పడానికి ఎత్తాను. అంతకుముందే ఆ మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంచనా వేయగలగాలి. ఆ అంచనాకు ముడిసరుకు ఇంటివాళ్ల దగ్గర, తోటి ఉద్యోగుల దగ్గర, అప్పులవాళ్ల దగ్గర ఉంటుంది. అడిగితేనే బయటికొస్తుంది.

ఎలా అడగాలో మాకు నేర్పిన ఎస్సైగారు ఒకరుండేవారు. ఆయన ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా, వెనక గదిలో మాట్లాడించేవారు. మొగుడి ముందు పెళ్లాం చెప్పదు, అత్త ముందు కోడలు చెప్పదు, ఊరి పెద్దల ముందు ఎవరూ చెప్పరు. కోడలు కనపడటం లేదని అత్తింటివాళ్లు వస్తే, ఆ పూటే పుట్టింటికి మనిషిని పంపేవారు. ఆమె బిడ్డను కని ఎన్నాళ్లయిందో, చేతుల మీద దెబ్బలేమైనా ఉండేవేమో పుట్టింటి తల్లే చెప్పగలదు. ఇరుగుపొరుగునూ, పనివాళ్లనూ, కిళ్లీకొట్టు అబ్బాయినీ వదిలేవారు కాదు.

ఆయన ప్రశ్నలు నాకిప్పటికీ నోటికొచ్చు. ఇంతకు ముందెప్పుడైనా ఇలాంటి ప్రయత్నం చేశాడా? ఇది అన్నిటికన్నా ముందు అడిగేవారు. ఒకసారి ఆ గడప దాకా వెళ్లొచ్చినవాడి విషయంలో ఆలస్యం పనికిరాదు. ఈ పది రోజుల్లో తిండి, నిద్ర, తాగుడు ఎలా ఉన్నాయి? నేనుండి ఎవరికి లాభం, మీకు నా పీడ విరగడవుతుంది లాంటి మాటలేమైనా అన్నాడా? అంటే నవ్వులాటగా తీసుకున్నారా? ఎవరికేమైనా అప్పజెప్పాడా? పాస్‌బుక్కు ఎక్కడుందో చెప్పడం, తాకట్టు చీటీలు భార్య చేతిలో పెట్టడం, పెంచుకున్న ఆవును తమ్ముడింటికి తోలేయడం, బాకీలన్నీ హఠాత్తుగా తీర్చేయడం, ఇలాంటివి. ఇంకోటి ఉంది. చాలా రోజులు కుమిలిపోయిన మనిషి ఒకరోజు ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి అందరినీ ప్రేమగా పలకరించాడా? ఇంటివాళ్లు అది చూసి హమ్మయ్య, తేరుకున్నాడు అనుకుంటారు. ఎస్సైగారు మాత్రం ఆ మాట వినగానే లేచి జీపు తీయించేవారు.

ఇంట్లో ఏం వదిలి వెళ్లాడో చూడమని మమ్మల్ని స్వయంగా పంపేవారు. ఒకసారి గుడివాడ దగ్గర ఒక ఇంట్లో గూట్లో కళ్లజోడు, బీపీ మాత్రలు, చేతి గడియారం వరసగా పెట్టి ఉన్నాయి. కళ్లజోడు లేకుండా రెండడుగులు వేయలేని మనిషట ఆయన. చొక్కా జేబులో తిరుగు టికెట్టుకు డబ్బు పెట్టుకుని, మాత్రలు సంచిలో వేసుకుని వెళ్లినవాడు అలిగి వెళ్లి ఉండొచ్చు. కళ్లజోడూ మాత్రలూ గూట్లో సర్దిపెట్టి వెళ్లినవాడి కోసం ఆ నిమిషమే బయల్దేరాలి. ఇప్పుడైతే ఈ గూడు చూసేదెవరు? ఇంటికి వెళ్లే తీరికే లేదు. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్లాడంటే లొకేషన్ దొరకదని విసుక్కుంటున్నారు. ఫోన్ వదిలి వెళ్లడమే పెద్ద కబురు కదరా నాయనా!

ఎస్సైగారు తేదీ కూడా అడిగేవారు. ఇవాళ ఏం రోజు? కోర్టు వాయిదానా, బ్యాంకు వేలం నోటీసు గడువా, పోయిన బిడ్డ సంవత్సరీకమా, పరీక్ష ఫలితాలా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల గందరగోళానికి ఎంతమంది పిల్లలు బలైపోయారో చూశాం. ఫలితాలొచ్చిన రోజున పదహారేళ్ల పిల్లాడు కనపడలేదని తల్లి పరుగెత్తుకొస్తే, స్నేహితుడింట్లో ఉంటాడులేమ్మా అనే హక్కు ఎవరికీ లేదు. పిల్లల విషయంలో అయితే తప్పిపోయిన ప్రతి ఫిర్యాదునూ కేసుగా కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పెద్దవాళ్ల దగ్గరకొచ్చేసరికే అంతా టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారనే దాన్ని బట్టి నడుస్తోంది.

ఇరవై నాలుగు గంటలు ఆగాలి అని ఇప్పటికీ కొందరు చెబుతారు. అలా ఆగమని ఏ చట్టంలోనూ లేదు. సినిమాల్లో విన్నది పట్టుకుని ఇంటివాళ్లే ఆగిపోతున్నారు, స్టేషన్‌వాళ్లు ఆపుతున్నారు. కాలువకు గండి పడితే మొదటి గంటలో వేసిన పది ఇసుక బస్తాలకు ఉన్న విలువ తెల్లారాక పోసిన లారీల మట్టికి ఉండదు. డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పాలా?

బయటి దేశాల సంగతి మా మనవడు చదివి చెప్పాడు. బ్రిటన్‌లో ఎవరైనా కనపడటం లేదని కబురు అందితే, ఆ మనిషికి ప్రమాదం ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అని పోలీసులు అంచనా కట్టి కాగితం మీద పెట్టాలట. ఎక్కువ అని తేలితే అప్పటికప్పుడు బలగాన్ని దింపాలి. కొత్త సంగతి తెలిసినప్పుడల్లా ఆ అంచనాను మళ్లీ చూసుకోవాలి. జపాన్‌లో ఉత్తరం రాసిపెట్టి పోయినవాళ్లనూ, మాటతీరులో చావు తలంపు కనిపించినవాళ్లనూ మామూలు మిస్సింగ్‌ల నుంచి వేరు చేసి ప్రత్యేక వర్గంగా చూడాలని వాళ్ల పోలీసు నిబంధనల్లోనే ఉందట. ఇందులో మా ఎస్సైగారికి తెలియనిదేమీ లేదు. తేడా ఒక్కటే. ఆయన రిటైరవగానే ఆ పద్ధతి ఆయనతోనే ఇంటికెళ్లిపోయింది. అక్కడ అది రాతలో ఉంది కాబట్టి కుర్చీలో ఎవరు కూర్చున్నా నడుస్తోంది.

మన చట్టంలోనూ పునాది లేకపోలేదు. అదే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చూడండి. మానసిక అనారోగ్యంతో తనకు తాను హాని చేసుకునేలా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి విధి అని ఉంది. లాకప్‌లో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. తిరుగుతూ దొరికిన మనిషి ఎవరో తెలియకపోతే మిస్సింగ్ కింద కేసు కట్టి ఇంటివాళ్లను వెతికిపెట్టాలి. ఊరి సంగతి తెలిసిన మనిషీ ఇప్పుడు మళ్లీ ఉంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక వాటిలో మహిళా పోలీసులను పెట్టారు. మా తలారికి తెలిసినన్ని గడపలూ ఆ అమ్మాయికి తెలిసే వీలుంది. తలారికి చెప్పలేని మాట ఆడవాళ్లు ఆమెకు చెబుతారు కూడా. మనిషి కనపడలేదన్న కబురు రాగానే స్టేషన్ నుంచి మొదటి ఫోన్ ఆమెకు వెళ్లాలి. నేను చూసినంతలో ఆమెను సర్వేలకూ బందోబస్తులకూ వాడుతున్నారు గానీ, ఈ పనికి పిలవడం లేదు.

దొరికాక జరిగేది తలుచుకుంటే ఇంకా బాధ. ప్రాణాలతో మనిషిని పట్టుకొచ్చాక స్టేషన్ వరండాలో నిలబెట్టి, సిగ్గులేదురా, పెళ్లాం పిల్లలు గుర్తుకురాలేదా అని నలుగురి ముందు తిడతారు. దానికి కౌన్సెలింగ్ అని పేరు. ఎవరో సెల్‌లో వీడియో తీస్తారు. గంటలో ఆ మొహం ఊరంతా తిరుగుతుంది. ఏ అవమానం తట్టుకోలేక వెళ్లాడో దానికి రెట్టింపు అవమానం నెత్తిన పెట్టి ఇంటికి పంపుతారు. మా రోజుల్లో తిట్లూ, చెంపదెబ్బలూ ఉండేవి గానీ ఈ వీడియోలు లేవు, అంతవరకు నయం. దొరికిన మనిషిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలి. చనిపోవాలనిపించిందా అని సూటిగా, మెత్తగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు గానీ, అది నిజం కాదని మనసు వైద్యులంతా చెబుతున్నారు. అడిగితే చాలామంది బావురుమంటారు. నా ముందు అలా ఏడ్చినవాళ్లు తర్వాత బజారులో కనపడితే ఆగి పలకరించేవాళ్లు. ఇంటికి పంపేముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వారం పాటు ఎవరో ఒకరు తోడుండేలా ఇంటివాళ్లతో మాట తీసుకోవాలి, ఎందుకు వెళ్లాడో ఆ కారణం ఇంకా అలాగే ఉందేమో చూడాలి. అప్పులవాడు గుమ్మంలో కూర్చునే ఉంటే మనిషిని వెతికి తెచ్చి లాభమేమిటి?

డిపార్టుమెంటుకు నేను చెప్పేది ఖర్చుతో కూడిన పని కాదు. మిస్సింగ్ రిపోర్టు తీసుకున్న మనిషే ఆ గంటలోనే మా ఎస్సైగారు అడిగేలాంటి పది ప్రశ్నలు ఇంటివాళ్లను విడివిడిగా అడగాలి. జవాబులు రాసి, ప్రమాదం ఎక్కువో తక్కువో తన మాటగా రాసి, స్టేషన్ జనరల్ డైరీలో ఎక్కించి సంతకం పెట్టాలి. ఎక్కువ అని రాస్తే పక్క స్టేషన్లకూ, రైల్వే పోలీసులకూ, కోస్తాలో అయితే మెరైన్ స్టేషన్లకూ, కాలువ గట్ల మీద బీట్లకూ అప్పుడే సమాచారం పోవాలి. తక్కువ అని రాస్తే ఎందుకు తక్కువో కారణం ఉండాలి. సంతకం పెట్టాల్సి వస్తే ఎవరూ ఊరికే ‘సాయంత్రం దాకా చూద్దాం’ అనరు.

ఇంటివాళ్లకూ ఒక మాట. పరువు పోతుందని దాచకండి. మీ అబ్బాయి ప్రేమ సంగతి, మీ ఆయన అప్పు సంగతి, అమ్మాయి కాపురం సంగతి పోలీసులకు చెబితే ఎవరి మీదా ఆత్మహత్యాయత్నం కేసు పెట్టరు. ఆ రోజులు పోయాయి. ఇంట్లో మనిషి తేడాగా ఉన్నాడనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. మీకే అలాంటి ఆలోచన వస్తున్నా ఆ నంబరుకే చేయండి, నాలాంటి ముసలాణ్ణి ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. మనిషి కనపడకుండా పోయి, మనసు కీడు శంకిస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా 112కి చెప్పి స్టేషన్‌కి వెళ్లండి. అక్కడ ఎవరూ అడగకపోయినా పై ప్రశ్నలన్నిటికీ జవాబులు మీరే చెప్పండి. రాసుకోమని పట్టుబట్టండి, రాసిన కాగితం నకలు అడిగి తీసుకోండి. అది మీ హక్కు.